పదకొండో గీత

మా ఆవిడ బాణాలు వేయడం మొదలుపెట్టింది మెడ నొప్పి వల్ల. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నేను చెప్పేవాటిలో నిజమైనవే ఎవరూ నమ్మరు, అదొక ఇబ్బంది. మేం ఉండేది బర్మాలో, యాంగోన్ నగరంలో. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఆవిడ పని చొక్కాల కాలర్లు చూడడం. కుట్టు వంకరపోయిందా, దారం తేలిందా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తల వంచుకుని చూస్తుంది. ఏళ్ల తరబడి చూసేసరికి మెడ వంగిన చోటే ఉండిపోవడం మొదలైంది. భుజాలు వెనక్కి లాగే వ్యాయామం ఏదైనా చేయమన్నాడు డాక్టరు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ ఒక ఆదివారం బాణాల మైదానానికి తీసుకెళ్లింది. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ అన్న మాట ఇది:

"మెడ సంగతి తెల్దు గాని మావా, ఈ కాలర్లన్నిటినీ ఓ పాలి దూరంగా నిలబెట్టి కొట్టాలనిపించింది."

నేను మింగళ తౌంగ్‌న్యున్‌లో ఇన్వర్టర్లు, బ్యాటరీలు బాగుచేస్తాను. కరెంటు పోయే ఊళ్లో ఈ పనికి లోటు లేదు. అయినా ఆదివారాలు దుకాణం మూసి ఆవిడ వెంట మైదానానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. బాణాలు వేయడానికి కాదు. సంచి మోయడానికి, గడ్డిలో దూరిన బాణాలు వెతకడానికి, రేకుల పాక కింద కూర్చున్నవాళ్లకి కబుర్లు చెప్పడానికి.

అక్కడ నేర్పే పెద్దాయన బర్మా మనిషి. అందరూ సయాజీ అంటారు, పెద్ద మాస్టారని అర్థం. ఆయనతో మా మాటలన్నీ బర్మా భాషలోనే నడుస్తాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నానంతే. మొదటి ఆదివారమే ఆయనకి మా తాత సంగతి చెప్పాను. మా తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. మధ్యాహ్నం ఆకలేస్తే బస్తాల గుట్ట ఎక్కి, బాణానికి ఒక చీటీ కట్టి నది అవతల ఒడ్డుకి వేసేవాడు. అక్కడ మా నానమ్మ చీటీ విప్పి చూసుకుని, అదే బాణానికి వేపిన చేపని గుచ్చి తిరిగి వేసేది. చేప చల్లారకుండా చేరేది. సయాజీ అంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, "ఏ సైట్ వాడేవాడు?" అని అడిగాడు.

సైట్ అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. "మీసం కొస" అన్నాను.

"అయితే బేర్‌బో అన్నమాట" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

సైట్ అంటే గురి కుదుర్చుకోవడానికి విల్లుకి బిగించే సాధనం. అది ఏదీ లేకుండా, బాణం మొననే చూసుకుంటూ వేసేవాళ్లది బేర్‌బో. కొత్తవాళ్లందరికీ సయాజీ అదే చేతికిస్తాడు. మా ఆవిడ కూడా కొన్ని నెలలు అదే వేసింది. లాగడం బాగా కుదిరింది, నిలకడ కుదిరింది, మెడ నొప్పి కూడా తగ్గింది. చిక్కు కళ్లతో వచ్చింది. అప్పటికి ఆవిడకి నలభై దాటి కొన్నేళ్లయింది. దూరాన ఉన్న అట్ట, దాని మీది రంగుల వలయాలు శుభ్రంగా కనబడేవి గాని, ముక్కు కింద ఉన్న బాణం మొన మాత్రం దూది ఒత్తిలా మసగ్గా ఉండేది. ఫ్యాక్టరీలో కాలర్లు చూసే కళ్లజోడు పెట్టుకుంటే మొన సూదిలా తేలేది, అట్ట మాయమైపోయేది. రెండూ ఒకేసారి కావాలంటే కళ్లు ఒప్పుకోలేదు.

"జోడెట్టుకుంటే అట్ట నేదు, తీసేత్తే బాణం నేదు. నా బతుకులో ఎప్పుడూ ఇంతే గదా" అంది నాతో, పాకలో నీళ్లు తాగుతూ.

అప్పుడు సయాజీ ఇంకొకరి కాంపౌండ్ విల్లు ఇప్పించాడు. దాని రెండు కొసలకీ చక్రాలుంటాయి, చేత్తో వదలడం ఉండదు, మీట నొక్కితే బాణం పోతుంది. దాని సైట్‌లో భూతద్దం ఉంటుంది, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పెట్టుకునే రసమట్టంలాంటి బుడగ ఉంటుంది. వింటినారికి చిన్న బెజ్జం ఉంటుంది. బెజ్జంలోంచి అద్దంలోకి, అద్దంలోంచి అట్టలోకి చూడాలి. ముసలికళ్లకి అంతకంటే సుఖం లేదు. మొదటి రోజే మా ఆవిడ పసుపు వలయంలో, అంటే నట్టనడుమ, రెండు బాణాలు దింపింది. నేను పాకలో వాళ్లందరికీ అప్పుడే కథ మొదలుపెట్టబోయాను. ఆవిడ విల్లు తెచ్చి, దాని స్వంతదారు చేతిలో పెట్టి, నా పక్కన కూర్చుంది.

"బాగుంది గదా" అన్నాను.

"బాగుంది. మిషను. సక్రాలు, మీట, అద్దం. ఆరు రోజులు మిషన్లతోటే సస్తన్నాను, ఏడో రోజు కూడానా."

ఇక మిగిలింది రికర్వ్. చక్రాల్లేని, కొసలు ముందుకి వంగిన విల్లు, చేత్తో లాగి చేత్తో వదిలేది. దానికి సైట్ పెట్టుకోవచ్చు గాని భూతద్దం కుదరదు. సైట్ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న వచ్చింది. యాంగోన్ దుకాణాల్లో దొరికే వస్తువు కాదది. నాకు తెలిసిన ఒక ఓడ మనిషి ఉన్నాడని, వాడు అడిగిందల్లా తెస్తాడని, ఒకసారి ఏనుగు దంతానికి తొడుగు కూడా తెచ్చాడని చెప్పాను. దంతం సంగతి వదిలేయండి, ఓడ మనిషి మాత్రం నిజంగానే ఉన్నాడు. వాడు బ్యాంకాక్ నుంచి ఒక సైట్ తెచ్చాడు. నల్లటి చక్రం, దాని లోపల ఒకదాని కింద ఒకటి అయిదు పుల్లలు, పుల్ల కొసన ఆకుపచ్చ, ఎరుపు, పసుపు చుక్కలు. ఎండలో పెడితే చుక్కలు మెరిసేవి. ఇంత అందమైన వస్తువు మా ఇంట్లో అప్పటికి లేదు.

మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటిది, దీపావళికి ఏలాడదీసే లైట్లలో ముక్కా?"

సయాజీ కూడా అలాగే తిప్పి చూశాడు. "ఇది వేటగాళ్లది" అన్నాడు. "జింక ఎంత దూరాన ఉందో జింక చెప్పదు. దగ్గరైతే పై చుక్క, దూరమైతే కింది చుక్క. సర్దుకునే టైము ఉండదు కాబట్టి అయిదూ ముందే పెట్టుకుంటారు. రికర్వ్ పోటీలో ఒక్క గురే ఉండాలి. దీన్ని చూడగానే బయటికి పంపేస్తారు."

"కొండల్లో తిరుగుతూ వేసే పోటీలుంటాయి గదా, వాటికి?" అన్నాను, కొన్నందుకు ఏదో ఒక ఉపయోగం దక్కాలని.

"అక్కడ కూడా రికర్వ్‌కి ఒకటే. కాకపోతే దూరం మారిపోతుంటుంది, కొన్ని చోట్ల ఎంత దూరమో చెప్పరు కూడా. దానికి అంకెలు స్పష్టంగా ఉండి గబగబా జరిగే సైట్ కావాలి. మనకి అంత హడావిడి లేదు. మన అట్ట కదలదు, ఎన్ని మీటర్లో ముందే చెబుతారు. నిదానంగా జరుపుకునేది చాలు."

ఆ అయిదు చుక్కల సైట్ ఇప్పటికీ మా దుకాణంలో ఉంది. జింకల వేటలో మా తాత వాడినదని చెబుతుంటాను. మీసం సంగతి గుర్తున్నవాళ్లు అడిగితే, అది నది మీదికని, ఇది అడవిలోకని చెబుతాను.

చివరికి సయాజీయే తన బీరువాలోంచి ఒక పాతది తీసి ఇచ్చాడు. నిలువుగా ఒక పట్టీ, దాని మీద సన్నగా చెక్కిన గీతలు, పైకీ కిందికీ జరిగే ఒక చిన్న దిమ్మ, దిమ్మకి ముందువైపు గురి. గీతల పక్కన ఒకప్పుడు అంకెలుండేవట. ఎవరెవరి చేతులో అరగదీసి అంకెలు పోయాయి, గీతలు మిగిలాయి. ముందు బిగించే గురి రెండు రకాలు చూపించాడు. ఒకటి నడుమ సన్నటి చుక్క ఉన్నది, ఇంకొకటి లోపల ఏమీ లేని ఉత్త రింగు.

ముందు చుక్క పెట్టి వేసింది. బాణాలు చెల్లాచెదురయ్యాయి. చుక్క మసగ్గా ఉందని కళ్లు చికిలిస్తే, చూపంతా చుక్క దగ్గరే ఆగిపోతోంది. రింగు పెట్టారు.

"రింగు కూడా మసగ్గానే ఉంది" అంది మా ఆవిడ.

"ఉండనివ్వండి" అన్నాడు సయాజీ. "పసుపు కనబడుతోందా?"

"కనబడుతోంది."

"దాన్నే చూడండి. రింగుని చూడకండి. అది తనంతట తనే చుట్టూ కూర్చుంటుంది."

నేను వెనక నిలబడి బైనాక్యులర్స్‌లో చూస్తున్నాను. బాణాలు ఒకదాని పక్కన ఒకటి దిగడం మొదలుపెట్టాయి. అన్ని రకాల సైట్లు చూసి, ఓడ మనిషికి పని చెప్పి, ఆఖరికి మేం ఎంచుకున్నది లోపల ఏమీ లేని ఒక వలయం.

ఏ దూరానికి దిమ్మ ఎక్కడుండాలో ఎవరికి వాళ్లే వేసి చూసుకుని తేల్చుకోవాలి. దూరం పెరిగేకొద్దీ దిమ్మ కిందికి దిగాలి, అప్పుడు విల్లు పైకి లేస్తుంది. ఇది తేలడానికి ఆవిడకి ఎన్నో ఆదివారాలు పట్టింది. ఫ్యాక్టరీలో చొక్కాల లోపల కుట్టే తెల్లటి లేబుల్ రిబ్బన్ ముక్క ఒకటి తెచ్చి పట్టీ అంచుకి అతికించి, బట్టల మీద గుర్తులు పెట్టే పెన్నుతో ముప్ఫై మీటర్లకి ఒక గుర్తు, యాభైకి ఒక గుర్తు పెట్టుకుంది. ఆ పైన గీతల వంక చూడాల్సిన పని ఆవిడకి లేకపోయింది.

గీతలు చూసింది నేను. దానికో కారణం ఉంది. మా సందు చివర టీ దుకాణంలో మా ఆవిడ బాణాల కథ రోజూ చెప్పేవాణ్ని. ఆ కథలో ఆవిడ యాభై మీటర్ల అవతల కొమ్మ మీద కూర్చున్న పిచ్చుక కాలికి తగలకుండా దాని కింది కొమ్మని విరగ్గొడుతుంది, పిచ్చుక పడకుండా రెండో బాణం కొమ్మయి నిలబడుతుంది. ఇలాంటి కథ గాలిలో నిలవదు. ఎక్కడో ఒకచోట నిఖార్సైన వివరం ఒకటి ఉంటే దానికి తగిలించి మిగతాదంతా ఎంతైనా లాగొచ్చు. అందుకని, "సైట్ దిమ్మ పై నుంచి పదకొండో గీత మీద పెట్టింది, యాభైకి అదే లెక్క" అని చెప్పేవాణ్ని. మైదానంలో ఒకసారి లెక్కపెట్టి చూసుకుని చెప్పిన మాటే అది. వినేవాళ్లు అక్కడ తల ఊపేవారు. పిచ్చుక దగ్గర నవ్వేవారు.

ఇలా ఉండగా మాండలేలో పోటీ అన్నారు. మైదానం నుంచి నలుగురు పెద్దవాళ్లని పంపుతారు. ముగ్గురి పేర్లు ఖాయం అయిపోయాయి. నాలుగో చోటు మా ఆవిడకా, బ్యాంకులో పనిచేసే ఇంకొకావిడకా అన్నది దసరా దాటాక వచ్చే ఆదివారం తేలుస్తామన్నాడు సయాజీ. ముందు యాభై మీటర్లు, తర్వాత ముప్ఫై. మా ఆవిడ అంతవరకు ఏ పోటీకీ పేరిచ్చిన మనిషి కాదు. ఫ్యాక్టరీలో ముందుగానే సెలవు అడిగి పెట్టుకుంది. రోజూ సాయంత్రం అన్నం వార్చాక గోడకి ఎదురుగా నిలబడి ఖాళీ విల్లు లాగి పట్టుకునేది. ఆవిడకి ఆ చోటు ఎంత కావాలో నాకు తెలిసింది ఎలాగంటే, దాని గురించి ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు.

మా ఇంట్లో ఆయుధపూజ మా అమ్మది. కత్తెర, కుట్టుమిషను, కత్తిపీట, నా సోల్డరింగ్ కడ్డీ, బ్యాటరీల్లో నీళ్లు పోసే గరాటుతో సహా అన్నిటినీ తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి, వరసగా పీటల మీద కూర్చోబెడుతుంది. ఆ ఏడు విల్లు కూడా పీట ఎక్కింది. మా ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి విల్లుకి బంతిపూల దండ వేసి ఉంది. దణ్ణం పెట్టుకుంది, తర్వాత మా అమ్మే అన్నిటినీ ఎక్కడివక్కడ సర్దేసింది. సైట్‌ని కూడా దాని పెట్టెలో పెట్టేసింది.

ఆదివారం మైదానంలో పెట్టె తెరిచాం. లోపల పసుపు గుడ్డ, గుడ్డలో అక్షింతలు, అక్షింతల మధ్య సైట్. తళతళలాడుతోంది. దిమ్మకి కుంకుమ బొట్టు. రిబ్బన్ లేదు, గుర్తులు లేవు. దిమ్మ కూడా పట్టీ పైకొసకి జరిగి ఉంది.

మా ఆవిడ చాలాసేపు చూసింది. "మీయమ్మ" అంది.

నేను ఫోన్ చేశాను. "అమ్మా, ఆ బాణాల సామానుకి ఒక తెల్లగుడ్డ ముక్క అంటుకుని ఉండాలి, ఏదీ?"

"అదా. మరకల గుడ్డ. పీకి పారీసినాను" అంది మా అమ్మ. "ఎన్నాళ్లదో జిడ్డు, సింతపండెట్టి తోమితే గాని వదల్నేదు. ఎలాగుంది, మెరుస్తందా?"

"మెరుస్తోంది."

"ఇన్నేళ్లూ కత్తెర్లకీ కత్తిపీటలకీ బొట్టెట్టినాను. ఇంట్లోకి నిజం ఆయుధం వొస్తే ఊరుకుంతానేటి. కోడల్ని జాగర్తగా కొట్టమను."

ఫోన్‌లోంచి మాట బయటికి వినబడుతూనే ఉంది. మా ఆవిడ అక్షింతలు ఏరి రుమాల్లో కట్టుకుంది, పారేయలేదు. సయాజీ దగ్గరికెళ్లి సంగతి చెప్పింది. ఆయన కుంకుమ బొట్టు చూసి, మందా అని అడిగి, కాదు దీవెన అంటే తల ఊపాడు.

"అందరికీ ఇచ్చినట్టే చూసుకోవడానికి మూడు బాణాలు" అన్నాడు. "నాలుగోది లెక్కలోకి వస్తుంది."

ముప్ఫై గురించి ఆవిడకి దిగులు లేదు. దగ్గర కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా అట్టకి తగులుతుంది, తగిలిన చోటు చూసి సర్దుకోవచ్చు. యాభైలో మొదటే తప్పితే బాణం గడ్డిలోనో కంచె అవతలో పడుతుంది, ఎంత తప్పిందో కూడా తెలియదు. ఆవిడ దిమ్మని వేళ్ల మధ్య పట్టుకుని అలాగే నిలబడింది.

"పై నుంచి పదకొండో గీత" అన్నాను.

నా వంక చూడలేదు. "ఏ పదకొండు?"

"యాభైకి. నాకు తెలుసు."

"పిచ్చిక కతలోది."

"అదే, కానీ ఆ ఒక్కటీ నిజం."

"నీ కతలో నాను పిచ్చికని కొమ్మ మీంచి పడకుండా కాసినాను. సందంతా నన్ను అడుగుతారు, పిచ్చిక బాగుందా అని." ఆవిడ గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "నువ్వు పదకొండంటే ఎనిమిదో, తొమ్మిదో అయ్యుంటాది. నువ్వు దేన్ని పెంచకుండా సెప్పినావు గనక."

పాతికేళ్ల కాపురంలో నా మాటల్లోంచి ఎంత తీసేయాలో ఆవిడకి ఒక లెక్క కుదిరిపోయింది. మామూలుగా ఆ లెక్క తప్పదు. ఎనిమిదో గీత మీద దిమ్మ బిగించింది. లాగింది, వదిలింది. బాణం అట్టకి చాలా ముందే గడ్డిలో దూరింది. పక్క అట్ట మీద బ్యాంకావిడ మొదటి బాణం పసుపు చుట్టూ ఉండే ఎరుపులో దిగిన చప్పుడు వినబడింది.

మా ఆవిడ విల్లు దించింది. ఈసారి నా వైపు తిరిగింది.

"నిజం సెప్పు మావా. నా మీద ఒట్టెయ్యకు, ఆ ఒట్లన్నీ ఏనాడో అయిపోయినాయి."

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఎలా లెక్కపెట్టానో, ఏ ఆదివారమో, కథకి ఒక నిజం ఎందుకు కావాలో, అంతా నాలుక కొసకొచ్చింది. అవేవీ చెప్పలేదు.

"పదకొండు" అన్నాను.

ఆవిడ ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు నా మొహం చూసింది. ఏమీ రాలేదు. దిమ్మ మర వదులు చేసి, గోటితో గీతలు ఒక్కొక్కటే తడుముకుంటూ దిగి, పదకొండు మీద బిగించింది. రెండో బాణం ఎరుపులో దిగింది, పసుపుని ఆనుకుని. మూడోది పసుపులో దిగింది. దిమ్మకున్న కుంకుమ బొట్టుని బొటనవేలితో తుడవబోయి, మానేసింది.

ఆ తర్వాత జరిగింది పోటీయే. అందులో వింతలేమీ లేవు. ఉంటే చెప్పడానికి నాకేం అభ్యంతరం. యాభైలో బ్యాంకావిడే కాస్త ముందుంది. ముప్ఫైలో మా ఆవిడ రెండు బాణాలతో సర్దుకుని, ఆ తర్వాత పసుపు వదల్లేదు. సాయంత్రం సయాజీ నాలుగో పేరు చదివినప్పుడు ఆవిడ తలకి కట్టుకున్న గుడ్డ విప్పి దులుపుకుని మళ్లీ కట్టుకుంది. బ్యాంకావిడ వచ్చి చెయ్యి పట్టుకుని, ఆ ఎర్ర మందు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "రెండోసారి ఎందుకు నమ్మావు?"

"నువ్వు ఇంకేటీ కలపనేదు" అంది కిటికీలోంచి చూస్తూ. "పిచ్చిక నేదు, మీ తాత నేడు. ఉత్తినే పదకొండన్నావు. నీకు జొరం వొచ్చిందేమో అనుకున్నాను."

ఇంటికెళ్లాక మా అమ్మ సైట్ తోమడం వల్లే గెలిచిందని తేల్చింది. ఎవరూ కాదనలేదు. మా ఆవిడ అక్షింతల మూట తీసి ఆవిడ చేతిలో పెట్టి, "అత్తా, వొచ్చే ఏడు బొట్టు మాత్రం ఎట్టు, తోమకు" అంది.

మర్నాడు టీ దుకాణంలో ఈ సంగతి చెప్పాను. ఈసారి ఒక్క ముక్క కలపకుండా, ఉన్నదున్నట్టు. చెబుతుంటేనే చప్పగా ఉంది. వేడి పలాటా రొట్టె తుంచుకుంటున్న పక్కింటి ముసలాయన మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పదకొండు కాదులేరా. నీ పదకొండంటే ఏ ఏడో ఎనిమిదో. పిచ్చిక సంగతేటయింది, అది సెప్పు."

మా ఆవిడ ఫ్యాక్టరీ బస్సుకి వెళుతూ టిఫిను కట్టించుకోవడానికి అక్కడే నిలబడి ఉంది. పొట్లం అందుకుని, సంచిలో పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుంది.

"పదకొండే" అని చెప్పి, బస్సు ఎక్కడానికి వెళ్లిపోయింది.